పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి శిఖరానికి కిరాయి బొలేరో: మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ కోసం రాసిన రివ్యూ

మోకాళ్ళు అరిగిన డెబ్బై ఏళ్ళ మనిషిని మహేంద్రగిరి మీదికి తీసుకెళ్ళొచ్చా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. నేను పర్లాకిమిడిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తాను. కార్తీకం దగ్గర పడిందంటే చాలు, వ్యాయామాలకి వచ్చే మామ్మలందరి నోటా ఇదే ప్రశ్న. ఈసారి మా అత్తగారినే తీసుకెళ్ళాను కాబట్టి గట్టిగా చెప్పగలను. తీసుకెళ్ళొచ్చు. కాకపోతే బండి ఎలాంటిది, డ్రైవరు ఎలాంటివాడు అన్నది ముందు చూసుకోవాలి. ఈ రెండూ కుదిరితే కొండ ఎంత ఎత్తున్నా పెద్దవాళ్ళకి అందుతుంది. కుదరకపోతే కొండ కింద టీ తాగి తిరిగొచ్చెయ్యడమే మేలు.

మేం ఇక్కడే మాట్లాడుకున్న కిరాయి బొలేరోలో ఒక కార్తీక సోమవారం వెళ్ళాం. నేను, మా అత్తగారు, డిగ్రీ చదువుతున్న మా ఆడపడుచు కొడుకు. మావారు షాపు వదిలి రాలేకపోయారు. బండి పేరు, డ్రైవరు పేరు రాయను. ఎందుకంటే ఇదే పని చేసే కుర్రాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఏం చూసి బండి మాట్లాడుకోవాలో తెలిస్తే ఎవరినైనా మీరే ఎంచుకోగలరు.

ముందుగా ఒక జాగ్రత్త. ఫోన్‌లో మహేంద్రగిరి అని కొడితే తమిళనాడులో ఇస్రో వాళ్ళ రాకెట్ ఇంజన్లు పరీక్షించే కొండ కూడా వస్తుంది. మనది అది కాదు. మనది ఒడిశా గజపతి జిల్లా, రాయగడ బ్లాకులో ఉంది. ఈ రాయగడ అంటే విజయనగరం నుంచి రైల్లో వెళ్ళే రాయగడ పట్టణం అనుకుని పొరబడేవాళ్ళు కూడా ఉంటారు. అది వేరే జిల్లా. మన కొండకి రావాలంటే పర్లాకిమిడి వచ్చి, అక్కడి నుంచి కొయిన్‌పూర్ వైపు వెళ్ళాలి. ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలో కొరాపుట్ వైపున్న దేవమాలి 1,672 మీటర్లు, ఇది అంత కాకపోయినా రాష్ట్రంలో ఎత్తైన కొండల్లో ఒకటి. ఇది నేషనల్ పార్కు కాదు గానీ, 2022లో ఒడిశా ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఈ ఒక్క కొండ మీద 1,300కి పైగా మొక్కల జాతులున్నాయని లెక్క. అందుకే ఏ మొక్కా పీకొద్దని, ప్లాస్టిక్ పారెయ్యొద్దని మా మేనల్లుడికి ముందే చెప్పి తీసుకెళ్ళాను.

ఆ ఎత్తు చూసి కొందరు ఊపిరాడదేమోనని భయపడతారు. ఎత్తు వల్ల వచ్చే ఆయాసం, తలనొప్పి మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. ఇక్కడ ఆ బెంగ లేదు. బీపీ మాత్రలు రోజూ వేసుకునేవాళ్ళు ఆ రోజూ మానకుండా వేసుకుంటే చాలు. అసలు ఇబ్బంది చలి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. మా ఊళ్ళో ఫ్యాను వేసుకునే రోజున కూడా పైన శాలువా కప్పుకోవాలి. చలికి మోకాళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి నేను అత్తగారికి చీర లోపల ఉన్ని లెగ్గింగ్స్ తొడిగించాను. మొదట ఒప్పుకోలేదు గానీ పైకెళ్ళాక ఆవిడే "బాగున్నాది, రేపు కూడా ఏసుకుంతాను" అన్నారు.

మా అత్తగారి పుట్టిల్లు శ్రీముఖలింగం పక్కన చిన్న పల్లె. వంశధార ఒడ్డున పెరిగిన మనిషి. ముఖలింగేశ్వరుడి గుడిలో దీపం పెట్టినప్పుడల్లా వాళ్ళ నాన్నగారు ఉత్తరం వైపు చెయ్యి చూపించి, "ఈ రాజుల ఇలవేల్పు ఆ కొండ మీదున్నాడు" అనేవారట. ఆ మాట నిజమే. కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజులు వేయించిన రాగిరేకులు మహేంద్రాచల శిఖరం మీదున్న గోకర్ణస్వామికి మొక్కుతూనే మొదలవుతాయి. ముఖలింగం, మహేంద్రగిరి రెండూ ఆ రాజులవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, మహేంద్రగిరి ఒడిశాలోకి పోయాయి, ముఖలింగం ఆంధ్ర వైపు ఉండిపోయింది. మా అత్తగారికి మాత్రం రెండూ ఒకే ఇంట్లో రెండు గదులు. పెళ్ళై ఇటు వచ్చి ఇన్నేళ్ళయినా, పిల్లలు, సంసారం, తరవాత మోకాళ్ళు, ఏదో ఒక కారణాన వెళ్ళలేకపోయారు. కార్తీకంలో గోకర్ణేశ్వరుడి దగ్గర ఒక్క దీపం పెట్టాలన్నదే ఆవిడ కోరిక. ఆ కోరిక విన్నాక ఏ ఫిజియోథెరపీ పుస్తకమూ "వద్దు" అని చెప్పించలేదు నా చేత.

ఇక బండి సంగతి. మొదట ఫోన్‌లో ఒక మధ్యవర్తితో మాట్లాడాం. కొత్త ఏసీ బండి అన్నాడు, అడ్వాన్సు పంపించుకున్నాడు, ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి "బండి పెళ్ళికెళ్ళిపోయింది" అన్నాడు. అడ్వాన్సు తిరిగిచ్చాడు, అంతవరకు పర్వాలేదు. కానీ ఉపవాసానికి సిద్ధమై, ప్రమిదలు, వత్తులు సర్దిపెట్టుకుని కూర్చున్న పెద్దావిడకి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో చెప్పలేను. ఆ టెన్షన్‌లోనే మా క్లినిక్‌కి వచ్చే ఒకాయన తనకి తెలిసిన డ్రైవర్ నంబరు ఇచ్చారు. ఆ డ్రైవరుతో నేరుగా మాట్లాడాం. డీజిల్, డ్రైవర్ భోజనం, వెయిటింగ్ అన్నీ కలిపి 4,500 రూపాయలు. మధ్యలో మనిషి లేడు కాబట్టి మాట మారలేదు. మీరు కూడా వీలైతే బండి నడిపే మనిషితోనే మాట్లాడుకోండి. మోకాళ్ళ సంగతి, ఉపవాసం సంగతి, ఎన్నిసార్లు ఆపాలో, ఇవన్నీ మధ్యవర్తికి చెబితే డ్రైవరు దాకా వెళ్ళవు.

ఫోన్‌లో నేను అడిగినవి ఇవి. మధ్య సీటు ముందుకి చూసేదేనా అని అడిగాను. బొలేరో వెనక అడ్డంగా, ఎదురుబొదురుగా ఉండే సీట్లలో కూర్చుంటే మలుపు మలుపుకీ నడుము ఒక పక్కకి, మోకాళ్ళు ఇంకో పక్కకి తిరుగుతాయి. అరిగిన మోకాలికి అంతకంటే హాని లేదు. స్టెప్నీలో గాలి ఉందా, ఈ దారిలో ఇంతకు ముందు నడిపావా, చీకటి పడకముందే కొండ దిగిపోగలమా అని కూడా అడిగాను. చివరిదానికి అతను చెప్పిన జవాబు నాకు నచ్చింది. "మీరు ఆలస్యం చేసినా నేను చెయ్యనక్కా, ఆ అడవిలో ఏనుగులు తిరుగుతాయి" అన్నాడు. గజపతి జిల్లాలో లఖారీ అభయారణ్యం వైపు ఏనుగులుండటం మనకి తెలిసిందే. దారి తెలిసిన మనిషి మాట అది.

తెల్లవారుజామున ఐదింటికి బండి మా వీధిలోకి వచ్చింది. పాత బండే. తలుపు గొళ్ళెం గట్టిగా లాగితే గానీ పడదు. కానీ లోపల తుడిచి, కొత్త సీటు కవర్లు వేసి ఉన్నాయి. ఈ రివ్యూ రాయాలనిపించడానికి మొదటి కారణం ఆ తరవాత అతను చేసిన పని. వెనక నుంచి ఒక చెక్క పీట తీసి, మధ్య తలుపు కింద పెట్టాడు. జానెడు ఎత్తుంటుంది. కింద నాలుగు కోళ్ళకీ పాత టైరు ముక్కలు మేకులతో కొట్టి ఉన్నాయి, నేల మీద జారకుండా. పైన గోనెసంచి ముక్క బిగించి ఉంది, తడి కాలు జారకుండా. పీట ఒక కొసకి తాడు కట్టి ఉంది, మనిషి ఎక్కాక వంగకుండానే దాన్ని లోపలికి లాగేసుకోవచ్చు. అడిగితే, వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఆస్పత్రికి తిప్పడానికి తయారుచేసుకున్నానన్నాడు. బొలేరో ఫుట్‌బోర్డు ఎత్తుకి ఒక్కసారిగా కాలు వెయ్యాలంటే మోకాలు బాగా వంచాలి. ఆ ఎత్తుని రెండుగా పంచితే సగం నొప్పి ఉండదు. మా క్లినిక్‌లో మంచాల దగ్గర ఇలాంటి పీటే ఉంటుంది గానీ దానికి రబ్బరు లేదు. మర్నాడే వేయించాను.

రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. కొయిన్‌పూర్ దాకా హాయిగా సాగిపోతుంది. అక్కడ టీ తాగి, మేం తాగాం, అత్తగారు ఉపవాసం కాబట్టి పాలు మాత్రం పుచ్చుకున్నారు, మళ్ళీ బయల్దేరాం. అసలు ఎక్కుడు ఆ తరవాతే. మలుపులు, ఒక పక్క లోయ, పొద్దున్న మంచు. కొన్ని చోట్ల రోడ్డు బాగుంది, కొన్ని చోట్ల రాళ్ళు లేచిపోయి ఉన్నాయి. ఈ కొండల రోడ్లు వానలకి కొట్టుకుపోవడం కొత్తేం కాదు. 2018లో తిత్లీ తుఫాను గజపతిని, మన ఉద్దానాన్ని ఒక్కసారే ఎలా ఊడ్చేసిందో ఈ ప్రాంతం వాళ్ళెవరూ మర్చిపోరు. కాబట్టి వెళ్ళే వారం ముందు రోడ్డు ఎలా ఉందో కనుక్కుని బయల్దేరండి.

అతని డ్రైవింగ్‌కి పూర్తి మార్కులు. గోతి కనబడగానే ముందే వేగం తగ్గించి, ఒక చక్రం తరవాత ఒకటి మెల్లగా దింపేవాడు. రెండు చక్రాలూ ఒకేసారి దబ్బున పడితే వెనక కూర్చున్నవాళ్ళ నడుం విరుగుతుంది. ప్రతి మలుపు ముందూ హారన్ కొట్టాడు. ముప్పావుగంటకోసారి ఆపమని నేను ముందే చెప్పాను, ఎందుకంటే మోకాలు వంచి ఎక్కువసేపు కూర్చుంటే పట్టేస్తుంది. చెప్పించుకోకుండానే గుర్తుపెట్టుకుని ఆపాడు, పీట వేశాడు. అత్తగారు దిగి నాలుగడుగులు వేసి, కాలు చాపి ముడిచి, మళ్ళీ ఎక్కేవారు. ఎక్కడా విసుక్కోలేదు. "మామ్మా, తొందర లేదు, శివుడు ఎక్కడికీ పోడు" అనేవాడు.

దారి పక్కన సవర పల్లెలు. ఆడవాళ్ళు కొండచీపుర్ల మోపులు నెత్తిన పెట్టుకుని దిగుతున్నారు. మా డ్రైవరుకి తెలుగు, ఒడియా రెండూ వచ్చు, సవర కూడా కొద్దిగా వచ్చు. ఈ ఊరి తెలుగువాళ్ళకి సవర అనగానే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మా డ్రైవరు చదివింది తొమ్మిదో తరగతి. అతనికి ఆ భాష కొండ దారుల్లోనే అబ్బింది. అది మాకు ఎంత పనికొచ్చిందంటే, ఒక పల్లె దగ్గర బండి ఆపి ఒక సవర కుర్రాడితో మాట్లాడి, పైన నడకలో మామ్మకి సాయంగా రమ్మన్నాడు. ఆ అబ్బాయికి 300 రూపాయలిచ్చాం. బండి కిరాయి కంటే ఆ మూడొందలే మాకు ఎక్కువ అక్కరకొచ్చాయి. మీరు పెద్దవాళ్ళతో వెళ్తే ఇలా ఒక స్థానిక మనిషిని తప్పకుండా వెంటబెట్టుకోండి, బేరమాడకుండా ఇవ్వండి.

బండి ఆగిన చోటు నుంచి నడవాలి. ఇక్కడే మోకాళ్ళకి అసలు పరీక్ష. చాలామంది తెలియక చేసే పొరపాట్లు రెండు చెబుతాను. కర్రని నొప్పి ఉన్న కాలి వైపు పట్టుకుంటారు. రెండో వైపు చేతితో పట్టుకోవాలి, అప్పుడే నొప్పి కాలి మీద భారం తగ్గుతుంది. అత్తగారికి కుడి మోకాలు ఎక్కువ నొప్పి, కాబట్టి కర్ర ఎడమ చేతికిచ్చాను. ఇంకొకటి, మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు దించాలి. ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ కలిపి నిలబడి, అప్పుడు తరవాతి మెట్టు. సవర కుర్రాడికి ఇది ఒక్కసారి చూపిస్తే పట్టేశాడు. అతను కిందిమెట్టు మీద ఎదురుగా నిలబడి చెయ్యి అందించేవాడు, లాగేవాడు కాదు. లాగితే మనిషి తూకం తప్పుతుంది.

నొప్పి మాత్ర ముందే వేసుకుని ఎక్కేద్దామని చూడకండి. ఖాళీ కడుపున ఆ మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, పైగా నొప్పి తెలియక మోకాలిని ఇంకా పాడుచేసుకుంటారు. నొప్పి వస్తే కూర్చోవాలి, అంతే. షుగరు ఉన్నవాళ్ళు ఉపవాసంతో ఈ కొండ ఎక్కకూడదు. ఆ స్వామి దానికేం అనుకోడు.

కుంతి గుడి దగ్గర అత్తగారు దీపం పెట్టారు. కుంతి గుడినే గోకర్ణేశ్వరుడి గుడి అని కూడా అంటారు. వీచే గాలికి వత్తి నిలవలేదు. నేను, మేనల్లుడు, సవర కుర్రాడు ముగ్గురం చుట్టూ కూర్చుని శాలువా అడ్డం పట్టాం. ఆవిడ ఉసిరికాయ మీద వత్తి పెట్టి వెలిగించి, వాళ్ళ నాన్నగారి పేరు చెప్పి దణ్ణం పెట్టుకున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నేనే తుడుచుకున్నాను. అక్కడే పులిహోర, పెరుగన్నం తిన్నాం. డ్రైవరు వెంట వచ్చాడు గానీ భోజనం దగ్గర కూర్చోవడానికి మొహమాటపడ్డాడు. అత్తగారు "రా నాయనా, కార్తీకంలో వనభోజనం ఒక్కళ్ళం తినకూడదు" అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అక్కడి నుంచి ధర్మరాజు గుడి, ఆ పైన భీముడి గుడి. అత్తగారు కుంతి గుడి దగ్గరే ఆగిపోతారనుకున్నాను, నా అంచనా కూడా అంతవరకే. కానీ ఆవిడ ఆగలేదు. ఆగి ఆగి, రెండు చోట్ల రాతి మీద కూర్చుని, భీముడి గుడి దాకా వచ్చారు. ఆ గుడి గురించి కాస్త చెప్పాలి. చిన్నది. ముందు మండపం లేదు, శిల్పాల హడావిడి లేదు. కానీ ఆ రాళ్ళు చూడాలి. ఒక్కో రాయి మనిషి బారు దాటి ఉంది, అలాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. ఆ ఎత్తుకి, ఆ గాలిలో, ఆ రాళ్ళని ఎలా ఎత్తారో ఎంత ఆలోచించినా తెలియదు. భీముడు పెట్టాడని ఈ ప్రాంతం వాళ్ళు ఎందుకన్నారో ఆ రాయి మీద అరచెయ్యి ఆనిస్తే అర్థమవుతుంది. చల్లగా, గరుగ్గా ఉంది. కింద పాచి, పైన ఎండకి తెల్లబడిన మచ్చలు. అత్తగారు చాలాసేపు ఆ గోడకి వీపు ఆనించి కూర్చున్నారు.

మంచు విడిపోయాక తూర్పు వైపు సముద్రం కనిపించింది. మా పర్లాకిమిడి పక్కన పారే మహేంద్రతనయ ఈ కొండల్లో పుట్టే కిందికొచ్చి వంశధారలో కలుస్తుంది. ఇదే పేరుతో ఇంకో ఏరు బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా మేనల్లుడు ఫోన్ మ్యాపు తీసి అవెక్కడున్నాయో చూపిద్దామని చూశాడు గానీ సిగ్నల్ లేదు. ముందే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళండి. ఈ కొండ మీద పరశురాముడు ఇప్పటికీ తపస్సు చేస్తున్నాడని మనవాళ్ళ నమ్మకం. సముద్రం వైపు నుంచి వచ్చే ఆ గాలిలో నిలబడితే ఆ నమ్మకం పరాయిగా అనిపించదు.

ఇక్కడ ఈ బండి సర్వీసులో నాకు లోటుగా కనిపించిన విషయం చెప్పాలి. రాజేంద్రచోళుడి శాసనం ఈ కొండ మీద ఉంది. 1014 నుంచి 1044 దాకా ఏలిన ఆ చోళరాజు సైన్యం ఇంత దూరం వచ్చి, గెలిచిన గుర్తుగా సంస్కృతంలో, తమిళంలో రాయించింది. పక్కన చోళుల పులి, పాండ్యుల జంట చేపలు చెక్కించింది. నేను అది చూడాలని ఆశపడ్డాను. డ్రైవరుని అడిగితే "ఏదో రాసుందక్కా, ఆ వైపు" అన్నాడు. సవర కుర్రాడూ అంతే. వెతికే టైమ్ లేదు, అత్తగారిని వదిలి తిరగలేను. ఏడాది పొడుగునా మనుషుల్ని ఇక్కడికి తెచ్చే వీళ్ళకి ఎవరైనా ఒక పూట కూర్చోబెట్టి, ఏ గుడిలో ఏముందో, ఏ రాతి మీద ఏ రాత ఉందో చెబితే, ఇదే 4,500కి వచ్చినవాళ్ళకి ఎంత ఎక్కువ దక్కుతుందో. మా డ్రైవరు నేర్చుకోవాలనే ఉత్సాహం ఉన్నవాడే. నేను పులి, చేపల బొమ్మలు కాగితం మీద గీసి ఇచ్చాను, వెతికి పెడతానన్నాడు. మీరు చరిత్ర కోసమే వెళ్తుంటే మాత్రం ముందుగా చదువుకుని వెళ్ళండి, డ్రైవరు మీద ఆధారపడకండి.

దిగుడు. మోకాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. దిగేటప్పుడు ఒంటి బరువుకి రెండు మూడింతల భారం మోకాలి చిప్ప వెనక పడుతుంది. అందుకే పైన శక్తి అంతా ఖర్చు పెట్టకూడదు. భీముడి గుడి దగ్గర అరగంట పైన కూర్చోబెట్టింది అందుకే. అత్తగారు దిగుతున్నప్పుడు కొన్ని ఎత్తైన రాళ్ళ దగ్గర వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దించాను. చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది, మోకాలికి మాత్రం అదే సుఖం.

బండి దిగుడులో కూడా ఆ డ్రైవరు మంచి పని చేశాడు. చాలామంది డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు, బ్రేకు తొక్కుకుంటూ వస్తారు. అలా చేస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. కొండ రోడ్ల మీద ప్రమాదాలకి అదొక కారణం. ఇతను మొత్తం ఫస్ట్, సెకండ్ గేర్లలోనే దింపాడు. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు ఎప్పుడో ఒకసారి. మధ్యలో ఒక చోట ఆపి, ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసి, పది నిమిషాలు ఆగి బయల్దేరాడు. ఎవరూ అడగకుండా చేసిన పని అది. నాకు ఆ పది నిమిషాల్లోనే ఆ మనిషి మీద పూర్తి నమ్మకం కుదిరింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. మధ్య సీటు బెల్టులు సీటు కిందికి తోసేసి ఉన్నాయి, కొత్త కవర్లు వాటి మీదుగా తొడిగేశారు. ఇది చిన్న విషయం కాదు, నేను గట్టిగానే చెప్పాను. కవరు విప్పి ఒకటి బయటికి తీశాడు, రెండోది రాలేదు. మీరు ఎక్కే ముందే బెల్టులు బయట ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే తీయించండి. పొద్దున్నే పాటలు పెద్ద సౌండుతో పెట్టాడు. తగ్గించమంటే వెంటనే తగ్గించాడు, తరవాత అత్తగారు అడిగితే శివ స్తోత్రాలు పెట్టాడు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉంది గానీ లోపల ఎప్పటిదో ఎండిపోయిన దూది. మేం క్రేప్ బ్యాండేజీ, నీకాప్, నొప్పికి రాసుకునే ఆయింట్‌మెంటు మా సంచిలోనే పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. పైన మేం వెళ్ళిన చోట ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కనిపించలేదు. పెద్దవాళ్ళు దానికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తారు, అది ఇంకా ప్రమాదం. కొయిన్‌పూర్‌లో ఆగినప్పుడే చూసుకుని బయల్దేరండి. మేం ఒక పాత చీర కూడా తీసుకెళ్ళాం, అడ్డం పట్టుకోవడానికి పనికొచ్చింది.

సాయంత్రం ఆరు దాటాక ఇంటికి చేరాం. అత్తగారి కుడి మోకాలు కొంచెం వాచింది. పడుకోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టాను. మర్నాటికి వాపు తీసింది, మూడోరోజుకి మామూలుగా వీధి చివరి కొట్టుకి వెళ్ళొచ్చారు. ఇది అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పను. ఆవిడ ఆర్నెల్లుగా నేను చెప్పిన తొడ కండరాల వ్యాయామం రోజూ చేస్తున్నారు. మంచం మీద కాలు చాపుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. అంతే. ఆ కండరం గట్టిగా ఉంటే మోకాలి భారం అది మోస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కొండ చూడాలని ఉంటే ఇవాళే ఆ వ్యాయామం మొదలుపెట్టించండి, కనీసం రెండు మూడు నెలల తరవాత తీసుకెళ్ళండి. నిలబడితేనే మోకాలు మడతపడిపోయేవాళ్ళు, గుండె జబ్బుతో రెండు మెట్లకే ఆయాసపడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా వెళ్ళొద్దు. వాళ్ళని బండి ఆగిన చోటు దాకా తీసుకెళ్ళి, గాలి పీల్చుకోనిచ్చి, తీసుకొచ్చినా చాలు.

సొంత కారు ఉంది కదా, కిరాయి బండి ఎందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. కింద తగలని ఎత్తైన బండి అయితే, కొండ దిగుడులో గేరు వాడటం తెలిసిన డ్రైవరుంటే సరే. చిన్న కారుతో, పెద్దవాళ్ళని ఎక్కించుకుని, మొదటిసారి వెళ్తున్న దారిలో ప్రయోగం చెయ్యకండి.

శివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర. ఒడిశా వైపు నుంచి, మన శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి జనం రాత్రంతా కాలినడకన ఎక్కుతారు. ఆ భక్తి చూడాలనుకునే కుర్రాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ రద్దీలో కాలు నిలదొక్కుకునే చోటుండదు. వానాకాలంలో మంచు, జారుడు, జలగలు. నా ఓటు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. సోమవారాలు కొంచెం రద్దీ ఉంటుంది, మంగళ, బుధవారాలైతే బండి కూడా వందో రెండొందలో తక్కువకి వస్తుందని డ్రైవరే చెప్పాడు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందురోజు సాయంత్రానికి పర్లాకిమిడి చేరి, రాత్రి నిద్రపోయి, తెల్లారుజామున బయల్దేరండి. పలాసలో దిగి బస్సులో రావచ్చు, లేదా నౌపడ మీదుగా గుణుపూర్ వెళ్ళే రైలు పర్లాకిమిడిలోనే ఆగుతుంది. బండికి కనీసం మూడు రోజుల ముందు మాట్లాడుకోండి, డబ్బు సగం ముందు, సగం ఇంటికి చేరాక ఇవ్వండి, పీట ఉందో లేదో అడగండి. లేకపోతే మీ ఇంట్లోదే ఒకటి తీసుకెళ్ళండి, కోళ్ళకి రబ్బరు మాత్రం మర్చిపోకుండా కొట్టించండి.